తరుగుచున్న చేప, పెరుగుచున్న బోటు వెల

ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పు తీరమున మరపడవల వేట నిషిద్ధమై, బోట్లన్నియు మరమ్మతులకై రేవులలో నిలిచియుండు కాలమున, విశాఖపట్టణము మొదలుకొని నిజాంపట్టణము వరకు ఏ జెట్టీమీద నలుగురు కూడినను మాట తిరిగి తిరిగి ఒక్క ప్రశ్నకే వచ్చుచుండును: పాత బోటునకే మరల పలకలు మార్పించుటయా, కొత్తది కట్టించుటయా, కట్టించినచో దాని వెల ఇంతగా పెరుగుటకు కారణమేమి? కలప వర్తకుడని కొందరు, ఇంజను కంపెనీ యని కొందరు, బ్యాంకని కొందరు, ప్రభుత్వమని మరికొందరు దోషిని చూపుచున్నారు. ఈ నిందలలో ప్రతిదానియందును కొంత సత్యము కలదు. కాని అన్నింటిని కూడినను లెక్క సరిపోదు. బోటు వెలను పెంచుచున్న ప్రధాన కారణము బోటు కట్టు పాకలో లేదు, ఆ బోటు చేరవలసిన వేటతావులో కలదు. తీరమునకు చేరువలో చేప తరిగినకొలది బోటు దూరము పోవలసివచ్చెను. దూరము పోవుటకై అది పెద్దది కావలసివచ్చెను. పెద్దదైన బోటు తన అప్పు తీర్చుటకై మరింత చేపను పట్టవలసివచ్చెను. ఈ వలయమును విస్మరించి, కేవలము కొనుగోలు వెలలో కొంత భాగమును ఖజానానుండి చెల్లించుటయే పరిష్కారమని తలచిన విధానములు మన తీరముననే ఒకటికి రెండు పర్యాయములు భంగపడినవి.

కర్ణాటక సరిహద్దున పీఠభూమి మీదనున్న గుడుపల్లె వంటి మండలమునకు ఈ చర్చతో నిమిత్తమేమని అడుగవచ్చును. సముద్రపు బోటుపై ప్రభుత్వమిచ్చు రాయితీ తీరవాసుల పన్నునుండి మాత్రమే వచ్చునది కాదు. పీఠభూమి రైతు కొనెడి సబ్బుబిళ్ల మీది పన్నునుండియు వచ్చును. అదియునుగాక కుప్పము, పుంగనూరు, మదనపల్లె ప్రాంతముల చెరువులలోను చేప కలదు, దానిని పట్టి జీవించు కుటుంబములును కలవు. హంద్రీ-నీవా నీరు 2025లో కుప్పము కాలువకు చేరుటతో, అంతవరకు వానలనే నమ్ముకొన్న చెరువులలో చేపపిల్లను వదలుటకు కొంత ఆధారము చిక్కినది. ఆ వేటకు వలయు సాధనము ఒక వెదురుపుట్టియో, థర్మకోలు తెప్పయో. ఒక మరపడవ ఒక్క పయనమునకు నింపుకొను డీజిలు వెలలో అది స్వల్పభాగము మాత్రమే. మత్స్యశాఖల ధనము ఈ రెంటి నడుమ ఏ పాళ్లలో పంచబడవలెనన్నది బోటు వెల సంగతి తేలినగాని తేలదు.

వెల యనగానేమో ముందు నిర్ణయించుకొనవలెను. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపలరేవులో నిప్పంటుకొని ముప్పదికి పైగా బోట్లు దగ్ధమైనప్పుడు, ఒక్కొక్క బోటు ఖరీదు ముప్పది నలుబది లక్షలుండునని యజమానులు చెప్పగా, విలువలో 80 శాతము చెల్లింతుమని నాటి రాష్ట్రప్రభుత్వము ప్రకటించెను. ఐతే ఏ విలువ? పది పదిహేనేండ్లు ఉప్పునీట నానిన బోటును నాడు అమ్మినచో వచ్చెడి సొమ్మా, లేక అట్టిదానినే నేడు కట్టించుటకగు వ్యయమా? ఈ రెంటి నడుమనున్న అంతరమే మన చర్చకు మూలము. కాలిన బోటు వెల చేతికి వచ్చినను కొత్త బోటు నీటికి దిగదు. మిగిలిన సొమ్మును అప్పుగా తేవలసినదే. పైపెచ్చు బీమా లేని బోట్లు అనేకము. బీమా కంపెనీ పాత కర్రబోటునకు ఎక్కువ ప్రీమియము కోరును, యజమాని అంత చెల్లింపలేక మానుకొనును, ప్రమాదము సంభవించినప్పుడు ఆ భారము ప్రభుత్వముపై పడును.

ఇక బోటు వెలలో చేరియున్నవి ఏవి? నీటి మీద తేలు చెక్క శరీరము అందులో ఒక భాగము మాత్రమే. ఇంజను, గేరుపెట్టె, వలలాగు వించి, ఐసు గది, వలలు, తాళ్లు, త్రోవ చూపు జీపీయస్, చేపజాడ తీయు ఎకోసౌండరు, రేడియో, ప్రాణరక్షణ సామగ్రి, ఇవన్నియు చేరినగాని బోటు వేటకు పోజాలదు. లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లను ఉచితముగ అమర్చుటకై కేంద్రము 364 కోట్ల రూపాయలతో 2024 ఆగస్టున ఒక పథకమును ప్రారంభించినది గాన ఆ ఒక్క వస్తువు భారము యజమానిపై లేదు. మిగిలినవన్నియు అతనివే. వీనిపైన మొదటి పయనమునకు డీజిలు, ఐసు, పదిదినముల తిండిసరకులు, సరంగునకును కళాసీలకును ముందుగా ఇయ్యవలసిన అడ్వాన్సు చేరును. బోటు కట్టించుటకు చేసిన అప్పుకన్న ఈ నడిపించు అప్పే మెడకు ఉరియని పలువురు యజమానులు మొరపెట్టుచున్నారు. ఆ మాటలో అతిశయోక్తి కొంచెమే.

కలప చరిత్రను చూతము. గౌతమి సముద్రమును చేరు ప్రాంతమున కోరంగి, తాళ్లరేవు ఒకప్పుడు సముద్రయానపు ఓడలను కట్టిన ఊళ్లు. 1789లోను 1839లోను వచ్చిన ఘోరమైన తుపానులచే కోరంగి రేవు ధ్వంసమైనను, తాళ్లరేవు వడ్రంగుల నేర్పు తరతరములు నిలిచినది. ఆ నేర్పునకు ఆధారము గోదావరి. ఏజెన్సీ అడవులలో నరికిన టేకు దుంగలు తెప్పలుగా కట్టబడి నదిమీదనే తేలివచ్చెడివి. బోటు కట్టువానికి కలప రవాణా ఖర్చు నామమాత్రము. 1980లో అటవీ సంరక్షణ చట్టము వచ్చినది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తరువు దేశమంతట అడవి నరుకుటను, కోతమిల్లులను కట్టడి చేసినది. అడవికి ఇది మేలే. ఈ వ్యాసకర్త దానిని తప్పుపట్టుట లేదు. కాని అడుగు దూలమునకు కావలసిన పొడవైన ఒంటి మ్రాను, పక్క చట్రములకు కావలసిన సహజమైన వంపుగల కొమ్మ, అటుపిమ్మట అంగడిలో దొరకు సరకు కాకపోయినది. దిగుమతి కలపతో సరిపెట్టుకొనుచుండగా 2014 ఏప్రిల్ నుండి మయన్మారు దుంగల ఎగుమతిని నిషేధించినది. ముప్పదినాలుగేండ్లలో మూడు ద్వారములు మూసికొనిపోగా, మిగిలిన కలప వెల వర్తకుని దురాశవలన మాత్రమే పెరిగినదనుట న్యాయము కాదు.

కలపకు బదులు ఫైబరు వాడరాదా యని అడుగువారున్నారు. వాడుచునే యున్నారు, తీరమున కర్రతెప్పల స్థానమును ఫైబరు తెప్పలు ఆక్రమించి చాలకాలమైనది, 2004 సునామీ తరువాత ఆ మార్పు మరింత వేగిరపడినది. ఇచ్చట ఒక ఆర్థికసూక్ష్మము కలదు. ఫైబరు బోటునకు ముందు అచ్చు చేయవలెను. ఆ అచ్చుతో ఒక్క బోటు పోసినను నూరు బోట్లు పోసినను అచ్చు ఖర్చు ఒక్కటియే. ఒకే అచ్చునుండి వందల తెప్పలు వెలువడునప్పుడు ఆ ఖర్చు ఒక్కొక్కదానిపై కొద్దిగ పడి తెప్ప చౌకయగును. డెక్కు గల పెద్ద బోట్ల విషయమున అట్లు జరుగుట లేదు. ఒక యజమాని ఒక అడుగు వెడల్పు ఎక్కువ కోరును, మరియొకడు ఐసు గది ముందునకు జరుపుమనును, ఇంకొకడు తన బావమరిది బోటుకన్న రెండడుగులు పొడవుండవలెననును. ఫలితముగ ప్రతి బోటును ప్రత్యేకమైన కట్టడమై, ఇంటి నిర్మాణము వలె ఒక్కొక్కటిగా లేచుచున్నది. శ్రీలంకలో ఇట్లు జరుగలేదు. గత శతాబ్దపు అరవైలలో నార్వే సాయముతో సీనార్ సంస్థ ఫైబరు బోట్ల తయారీని అచ్చట నెలకొల్పినది. పిదప వెలసిన ప్రైవేటు యార్డులు బహుదిన వేటకు పోవు డెక్కు బోట్లను సైతము కొద్ది నమూనాలకే పరిమితము చేసి వరుసగా పోతపోయుచున్నవి. మన యార్డులకు నైపుణ్యము తక్కువ కాదు. ఒకే నమూనాకు ఇరువది బోట్ల గిరాకీని ఒక్కచోట కూర్చి ఇచ్చువారు లేరు. ఫైబరునకు వలయు రెజిను ముడిచమురునుండి పుట్టు వస్తువగుటచే దాని ధర మన చేతిలో లేదు గాని, అచ్చు ఖర్చు మన చేతిలోనిదే.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. 1952లో కుదిరిన భారత-నార్వే ఒప్పందముతో కేరళలోని నీండకర వద్ద ఆరంభమైన యాంత్రీకరణ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పంపిన నౌకాశిల్పుల రూపకల్పనలతో కూడి తూర్పు తీరమునకును వ్యాపించినది. నాటి మరపడవలు చిన్నవి. పాబ్లో, రొయ్య, సొర్ర, పాంఫ్రెట్ అను పేర్లతో విశాఖ, కాకినాడ రేవులలో తిరిగిన తొలి బోట్లలో చిన్నవి సుమారు ముప్పది, ముప్పదిరెండు అడుగులవి. ఉదయము పోయి సాయంత్రము మరలివచ్చెడివి. వానికి ఐసు గది పెద్దది అక్కరలేదు, పండుకొనుటకు తావక్కరలేదు, పది దినముల నీరు మోయనక్కరలేదు. 1980 దశకమున తీరపు రొయ్య పలుచబడగా, బోట్లు ఒడిశా తీరమును దాటి వంగదేశపు శాండ్‌హెడ్స్ దిక్కునకు పోవనారంభించి, దినపు వేట పోయి దినముల వేట వచ్చినది. దానికి తగినట్లు నలుబదియైదు అడుగుల దరిదాపులనుండు సోనా బోటు ప్రబలినది.

ముప్పదిరెండు అడుగులనుండి నలుబదియైదునకు పెరుగుట చూచుటకు స్వల్పముగ తోచును. పొడవు నలుబది శాతము హెచ్చినది, అంతే. కాని వెడల్పు, లోతు అదే పాళ్లలో హెచ్చినచో లోపలి ఘనపరిమాణము రెండు ముప్పాతిక రెట్లగును. కలప, బరువు, కూలి ఇంచుమించుగ దానివెంటనే నడచును. ఇంజను సంగతి ఇంకను కఠినము. నీటిని చీల్చుకొనిపోవు పడవకు కావలసిన శక్తి వేగముతో సమానముగ పెరుగక రమారమి వేగపు ఘనముగ పెరుగును. వేగమును రెట్టింపు చేయదలచినవాడు ఎనిమిది రెట్ల శక్తిని కొనవలెను, బోటు పొడవునకు సహజమైన వేగపు హద్దు దాటినచో అదియును చాలదు. వేటతావు దూరమైనప్పుడు, పట్టిన చేప చెడకుండ ముందుగ రేవు చేరి మంచి ధర పొందవలెనను పోటీలో ప్రతి యజమానియు పక్కవాని ఇంజనుకన్న పెద్దదానిని బిగించును. అందరును బిగించిన పిమ్మట ఎవ్వరికిని ఆధిక్యము మిగులదు, అందరికిని అప్పు మాత్రము మిగులును. లారీ ఇంజనునే నీటికి అనువుగ మార్చి వాడుకొనుట మన తీరపు పొదుపు ఉపాయము. అసలైన సముద్రపు ఇంజనునకు వెల చాల ఎక్కువ గనుక ఆ ఉపాయమును ఎగతాళి చేయుటకు వీలులేదు, కాని దాని డీజిలు దాహమును లెక్కింపక తప్పదు. నడుపుటకగు ఖర్చులో సగమునకు పైగా డీజిలుకే పోవుచున్నది. రాష్ట్రము లీటరునకు 6 రూపాయల 3 పైసలుగా నుండిన రాయితీని 2019లో 9 రూపాయలకు పెంచినది. ఆ 9 రూపాయలు దూరమును కొంత చౌక చేసినవి, దగ్గర చేపను పెంచలేదు.

ఇంతటి బోటును పోషించిన సరకు రొయ్య. ఆ రొయ్యకే ఇంటిలోనుండి పోటీ వచ్చినది. 2009లో వనామి రొయ్య సాగునకు కేంద్రము అనుమతించిన పిదప గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల చెరువుల పంట ఎగుమతి విపణిని నింపినది. విదేశపు కొనుగోలుదారునకు ఒకే పరిమాణము గల చెరువు రొయ్య ఏడాది పొడవున దొరకుచుండగా సముద్రపు రొయ్యకు పూర్వపు గిరాకీ నిలుచుట కష్టము. వేట ఖర్చు డీజిలుతో పెరుగుచు, అమ్మకపు ధర చెరువుతో పోటీపడుచున్న వృత్తికి పెట్టుబడి ఎచ్చటనుండి వచ్చును? బోటు వెల పెరిగినదను మాటలో సగము, బోటు సంపాదన పెరుగలేదను మాటయే.

పన్నుల విషయమున ఎక్కువ చెప్పవలసినది లేదు. చేపల బోటుపై జీయస్టీ 5 శాతము మాత్రమే. ఉక్కు, రెజిను, రంగు మొదలైన ముడిసరకులపై 18 శాతము. రిజిస్టరైన పెద్ద యార్డు ఆ తేడాను తిరిగి రాబట్టుకొనగలదు. సముద్రపు ఒడ్డున పాకవేసికొని బోటు కట్టు మేస్త్రి రాబట్టుకొనలేడు, దానిని కొనువానిపై వేయును.

అప్పు మాట అట్లు దాటవేయదగినది కాదు. ఉదాహరణకు నలుబది లక్షల అప్పును ఏడేండ్లలో నెలవారీ వాయిదాలపై తీర్చవలెననుకొందము. సాలుకు 12 శాతము వడ్డీయైనచో నెలకు సుమారు 70,600 రూపాయల చొప్పున మొత్తము 59 లక్షలపై చిల్లర అగును. నూటికి రెండు రూపాయల వడ్డీయైనచో నెలకు సుమారు 98,700 రూపాయల వంతున 83 లక్షల దాకా పోవును. బోటు అదే, సముద్రము అదే. అప్పిచ్చినవాడు మారుటచేతనే ఇరువదిమూడు లక్షలకు పైగా తేడా. రేవులోని కమీషను వ్యాపారి ఇచ్చు అప్పునకు వడ్డీయొక్కటియే కాదు, పట్టిన చేపను అతనికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలెనను షరతును తోడుగనుండును. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19లో మత్స్యకారులకు విస్తరించినను అది నడిపించు ఖర్చులకే గాని బోటు కట్టడమునకు కాదు.

బ్యాంకులు ఏల వెనుదీయుచున్నవి? దానికి విశాఖలోనే ఒక పాత గాయము కలదు. 1980 దశకమున లోతు సముద్రపు రొయ్యవేటకై నౌకాభివృద్ధి నిధినుండి, తరువాత యస్‌సీఐసీఐ అను ఋణసంస్థనుండి, ఉదారమైన షరతులపై అప్పులు తెచ్చి నూటికి పైగా పెద్ద ట్రాలర్లను కంపెనీలు విశాఖ కేంద్రముగ దింపినవి. అన్నియు ఒకే శాండ్‌హెడ్స్ రొయ్యపై పడినవి. కొలది సంవత్సరములలోనే పట్టుబడి తగ్గి, వాయిదాలు నిలిచిపోయి, 1990లు వచ్చునాటికి అప్పు తీర్చలేని ట్రాలర్లు రేవులో తుప్పుపట్టినవి. కొరవడినది బోటు కాదు, చేప యని నాడే తేలవలసినది. ఐనను 1991లో విదేశీ నౌకలతో ఉమ్మడి సంస్థలకు తలుపు తెరచిన విధానము వచ్చినది. దేశమంతట మత్స్యకారులు సమ్మెలకు దిగినమీదట ప్రభుత్వము నియమించిన మురారి సంఘము 1996లో ఇచ్చిన నివేదికతో అది వెనుకకు మరలినది.

తదుపరి ప్రయత్నము రాయితీ. పాక్ జలసంధిలో శ్రీలంకతో వచ్చు తగవును తగ్గించుటకై 2017లో తమిళనాట ప్రవేశపెట్టిన పథకమున లోతు సముద్రపు బోటు యూనిట్ వెలను 80 లక్షలుగా నిర్ణయించి, అందులో కేంద్రము 50 శాతము, రాష్ట్రము 20 శాతము భరింప, 20 శాతము అప్పుగను 10 శాతము స్వంతముగను మత్స్యకారుడు సమకూర్చుకొనవలెననిరి. ఇంతకన్న ఉదారమైన రాయితీ ఊహింపరానిది. ఐనను 2,000 బోట్ల లక్ష్యమునకు ఆ పథకము బహుదూరమున ఆగిపోయినది; బోటు అసలు ఖర్చు 80 లక్షలను మించుచున్నదనియు, దానిని నడుపుట తమ తాహతునకు మించినదనియు మత్స్యకారులు వాపోయిరి. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన ఆ యూనిట్ వెలను 1 కోటి 20 లక్షలకు పెంచి, సాధారణ వర్గములకు 40 శాతము, స్త్రీలకును షెడ్యూల్డు కులములు, తెగలవారికిని 60 శాతము రాయితీ నిర్ణయించినది. లెక్కవేసి చూడుడు: 40 శాతము రాయితీ పొందినవాడు 72 లక్షలు తాను తేవలెను. విశాఖలో కాలిపోయిన బోటునకు యజమాని చెప్పిన పూర్తి వెలకన్న, రాయితీ పోను ఈ కొత్త బోటునకు అతడు చెల్లింపవలసిన వంతే ఇంచుమించు రెట్టింపు!

దీనిపై రెండు వాదములు ఎదురెదురుగ నిలిచియున్నవి. యూనిట్ వెల వాస్తవమునకు తక్కువగ నున్నది గాన దానిని ఇంకను పెంచవలెననియు, తీరమునుండి ట్రాలు బోట్లను తప్పించి ట్యూనా కొరకు లోతునకు పంపినగాని ఒడ్డు చేపకు ఊపిరి రాదనియు బోటు యజమానుల సంఘములు, మత్స్యశాఖలు వాదించుచున్నవి. రాయితీ ఎంతయో ముందుగ తెలిసిన యార్డు తన ధరను ఆ అంకెకు సరిపెట్టుననియు, కొత్త బోటు వచ్చినపుడు పాత బోటు విరుగగొట్టబడక మరియొకని చేతికి పోయి అదే ఒడ్డున వేటాడుననియు, కడపటికి బోట్ల సంఖ్యయే పెరుగుననియు ఆర్థికవేత్తలలో పలువురి వాదము. మొదటి వాదములోని ఉద్దేశ్యము సత్యమే. ట్యూనా పట్టుబడి మనకు నిజముగనే తక్కువ. కాని రెండవ వాదము చూపు లోపము సరిదిద్దబడనంతవరకు మొదటిది ఫలింపదని మా అభిప్రాయము. లోతు సముద్రమునకు పంపు ప్రతి బోటునకు బదులుగ ఒడ్డునుండి ఒక లైసెన్సు శాశ్వతముగ రద్దు కావలెను. ఆ షరతు లేని రాయితీ యార్డుకు మేలుచేయును, రేవునకు కాదు.

పరదేశముల అనుభవము ఈ తీర్పునే బలపరచుచున్నది. ఐరోపా సమాఖ్య 2002 సంస్కరణలలో భాగముగ, 2004 ముగియునాటికి కొత్త బోట్ల నిర్మాణమునకు ప్రజాధనమిచ్చుటను ఆపివేసినది. దానివలన సంఖ్య తగ్గినదిగాని ఉన్న బోట్లు ముసలివైపోయినవి. ఆపుట ఒక్కటియే విధానము కాదనుటకు ఇది నిదర్శనము. చైనా 1987నుండి బోట్ల సంఖ్యకును ఇంజన్ల మొత్తపు శక్తికిని పరిమితి విధించి, అది సరిగ అమలు గాక, తుదకు 2020నాటికి 20,000 బోట్లను తగ్గింపవలెనని లక్ష్యము పెట్టుకొనవలసివచ్చినది. ఐస్‌లాండు 1990 చట్టముతో వేట వాటాలను కొనుటకును అమ్ముటకును వీలగు ఆస్తిగ మార్చినది. నేడచ్చట బోటు వెలకన్న బోటుతోకూడిన వాటా వెలయే ఎన్నోరెట్లు. మిగులు చేపకు ధనరూపమిచ్చిన ఆ పద్ధతి తమ చేప తరుగకుండ కాపాడినదని వారందురు. చిన్న ఊళ్లు తమ వాటాలను పెద్ద కంపెనీలకు అమ్ముకొని వట్టిపోయినవని విమర్శకులందురు. వందల గ్రామములు, వేల తెప్పలు గల మన తీరమునకు దానిని తెచ్చిపెట్టుట అవివేకము.

అమెరికా ఉదాహరణము వేరొక పాఠము. ఆ దేశపు జలములలో చేపలు పట్టు నౌక ఆ దేశముననే కట్టబడవలెనను నియమము పద్దెనిమిదవ శతాబ్ది చివరినుండి వచ్చుచున్నది. వాషింగ్టన్ రాష్ట్రమున అనకోర్టెస్‌లోని ఒక యార్డు "అమెరికాస్ ఫైనెస్ట్" అను పెద్ద ఫ్యాక్టరీ ట్రాలరును కట్టుచు, నెదర్లాండ్స్‌లో వంచి తెచ్చిన ఉక్కు పలకలను అనుమతించిన పాలుకన్న ఎక్కువగ వాడినదని 2017లో బయటపడగా, పూర్తికావచ్చిన ఆ నౌక వేటకు పోవుటకు వీలులేక నిలిచి, 2018 చివర కాంగ్రెసు ప్రత్యేక మినహాయింపు ఇచ్చువరకు పడియుండెను. స్వదేశీ రక్షణ పేర పోటీని తొలగించినచో యార్డు నిలుచును, వెల దిగదు. మన పథకములలో కొద్దిమంది అనుమతి పొందిన తయారీదార్లకే బోటు కట్టు హక్కు పరిమితమగునప్పుడు, స్వల్పప్రమాణమున ఇదే ఫలితము పుట్టును.

ప్రపంచ వాణిజ్య సంస్థలో 2022 జూన్ 17న కుదిరి, 2025 సెప్టెంబరు 15న అమలులోనికి వచ్చిన మత్స్య రాయితీల ఒప్పందము ఈ చర్చకు అంతర్జాతీయమైన గడువును తెచ్చినది. వేటశక్తిని పెంచు రాయితీలపై జరుగుచున్న రెండవ విడత చర్చలలో వర్ధమాన దేశములకు ఇరువదియైదేండ్ల వ్యవధి కావలెనని భారతదేశము కోరుచున్నది. ఈ కోరికలో న్యాయము కలదు. దూరసముద్రములను ఊడ్చి సంపన్నమైన దేశములు మన తెప్పవానితో సమానముగ నియమములను పాటింతుమనుట హాస్యాస్పదము. ఐతే ఆ ఇరువదియైదేండ్లను దేనికి వినియోగింతుమన్నదే ప్రశ్న. యూనిట్ వెలను ఐదేండ్లకొకమారు పెంచుకొనుచు పోవుటకైనచో వ్యవధి వ్యర్థము.

చేయదగినవి అసాధ్యములు కావు. 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్య నియంత్రణ చట్టము క్రిందనే రేవువారీగ మరపడవల సంఖ్యకును ఇంజను శక్తికిని పరిమితి విధింపవచ్చును. పాత బోటును నిజముగ విరిచి, దాని ఇంజనును లెక్కచూపినవానికే కొత్తదానిపై సాయమిచ్చునట్లు మార్చవచ్చును. కొచ్చిన్‌లోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తక్కువ డీజిలుతో నడచు "సాగర్ హరిత" అను నమూనా బోటును 2016లోనే నీటికి దింపినది. ఆ సంస్థకు విశాఖలోను కేంద్రము కలదు. మన వేటకు తగిన రెండు మూడు కొలతలలో అట్టి రూపకల్పనలను చేయించి, అచ్చులను ప్రభుత్వమే చేయించి, కాకినాడ ప్రాంతపు చిన్న యార్డులకు అద్దెకిచ్చినచో, కోటి రూపాయల యూనిట్లకిచ్చు సొమ్ములో కొలది పాలుతోనే ఒక్కొక్క బోటు వెల దిగును. బహుశః ఇదియే అన్నిటికన్న చౌకైన సంస్కరణ. ప్రారంభోత్సవమునకు అంతగా అక్కరకు రాదు గనుక దీనిని ఎవ్వరును తలపెట్టకపోవుట వింత కాదు. ప్రత్యేక ఆర్థికమండలపు వేటకై 2025 నవంబరులో కేంద్రము ప్రకటించిన నియమములు సహకార సంఘములకు ప్రాధాన్యమిచ్చి, చిన్న బోట్లు పట్టిన చేపను సముద్రముననే అందుకొను తల్లినౌకలకు తావిచ్చినవి. ఇది సరియైన దిక్కు. పదిబోట్లకు ఒక వాహకనౌక యున్నచో ప్రతి బోటును తన ఐసు గదిని, డీజిలు ట్యాంకును పెంచుకొనవలసిన అగత్యము తగ్గును. కాని సంఘమనగా కాగితముపై పదిమంది పేర్లు, వెనుక ఒక్క పెట్టుబడిదారుడు అను పాత ఏర్పాటు పునరావృతమైనచో 1980ల విశాఖ మరల కనబడును.

ఇక రాయితీ పంపకము. లోతు సముద్రపు బోటు ఒక్కదానికి 40 శాతము చొప్పున 48 లక్షలు పోవుచున్నవి. అదే మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారునకు పాత పడవను మార్చి కొత్త పడవ, వలలు ఇచ్చు యూనిట్ వెల 5 లక్షలు. అదే పాళ్లలో రాయితీ 2 లక్షలు. ఒక్క పెద్ద బోటు రాయితీతో ఇరువదినాలుగు చిన్న పడవలు మారును. కుప్పము చెరువులలోని పుట్టి, తెప్పలు ఆ 5 లక్షల హద్దునకు కూడ బహు క్రిందివి గనుక వానిని లెక్కింపనక్కరలేదు. పెద్ద బోట్లకు ఏమియు ఇయ్యరాదని దీని అర్థము కాదు. ఐదేండ్ల గడువుతో మొదలై 2025-26 వరకు పొడిగింపబడిన మత్స్య సంపద యోజన స్థానమున వచ్చు పథకపు యూనిట్ వెలలను కేంద్ర మత్స్యశాఖ నిర్ణయించునప్పుడు, ఒక్కొక్క రేవునకు ఎన్ని మరపడవలు తగునో ముందుగ లెక్కించి, ఆ సంఖ్యకు లోబడినవానికి మాత్రమే కొత్త వెలను వర్తింపజేయవలెనని ఆంధ్రప్రదేశము పట్టుపట్టవలెను. ఆ లెక్క లేనిదే కోటి ఇరువది లక్షలను కోటిన్నర చేయుమని అర్జీ పంపుట మానుకొనవలెను.